పార్కు అర్జీకి ముందు ఒక నోటుబుక్కు

ముప్పై ఏళ్లు మెడలో ఈల వేసుకుని తిరిగిన మనిషిని. తిరుపతిలో హైస్కూలు పిలకాయలకు డ్రిల్లు టీచర్ని. రిటైరైన ఏడాదే మా వీధివాళ్లు నన్ను పట్టుకున్నారు. వీధి చివర కంపచెట్లు మొలిచిన ఖాళీ జాగా ఒకటుంది, దాన్ని పార్కు చేయించమని అర్జీ రాయాలి, టీచరమ్మ చేతిరాత బాగుంటుంది గదా అని. రెండు పేజీలు రాశాను. వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్, ఫౌంటెన్, ఆఖరికి సెల్ఫీ పాయింటు కూడా వదల్లేదు.

కార్పొరేషన్ ఆఫీసులో ఇంజనీరు మొత్తం చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఒకే మాట అడిగాడు. "ఎంతమంది వస్తారమ్మా? ఎన్నింటికి వస్తారు?"

"పిల్లలు, పెద్దలు అందరూ వస్తారు" అన్నాను.

"ఊర్లో ఉండేది వాళ్లే గదమ్మా" అన్నాడు.

కోపంతో బయటికొచ్చాను గానీ, మెట్లు దిగేలోపే తెలిసిపోయింది, ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదని. ఆ మధ్యాహ్నమే వంద పేజీల నోటుబుక్కు కొన్నాను. అప్పటి నుంచి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. మీ వీధికో, మీ డివిజన్‌కో పదేళ్ల ముందుచూపుతో పార్కుల ప్లాను రాయాల్సి వస్తే పనికొస్తుంది.

ముందు కాగితం మీద లెక్క. పట్టణాల ప్రణాళికకు కేంద్రం 2014లో తయారుచేసిన మార్గదర్శకాలు (యూఆర్‌డీపీఎఫ్‌ఐ అంటారు) మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలంటాయి. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి కార్పొరేషన్ జనం సుమారు 2.87 లక్షలు. మనిషికి పదే వేసుకున్నా 287 హెక్టార్లు, అంటే 700 ఎకరాల పైమాట. ఈ అంకెను అర్జీలో రాయొద్దు. చదివినాయన నవ్వి పక్కన పెట్టేస్తాడు. మనకు పనికొచ్చే లెక్క అదే పుస్తకంలో ఇంకోటుంది: 5 వేల మందికి అర హెక్టారు పార్కు, 15 వేల మందికి ఒక హెక్టారు, లక్ష మందికి 5 హెక్టార్లు. మన కార్పొరేషన్‌లో డివిజన్లు 50. 2011 జనాన్నే సమంగా పంచినా డివిజన్‌కు 5,700 మంది పైచిలుకు వస్తారు. కాబట్టి డివిజన్‌కు అర హెక్టారు, అంటే 123 సెంట్ల పార్కు ఒక్కటైనా ఉండాలి. 123 సెంట్లంటే మనం నడిచి చూడగలిగే జాగా, వేలు పెట్టి చూపించగలిగే జాగా. అది ఒకచోటే దొరకకపోతే రెండు మూడు ముక్కలుగా వెతకండి.

కొలతల దగ్గర ఒక జాగ్రత్త. మనవైపు ఇంటి జాగా అంకణాల్లో చెప్తారు, రిజిస్ట్రేషన్ కాగితంలో సెంట్లో చదరపు గజాలో ఉంటాయి, ప్లానింగు ఆఫీసు చదరపు మీటర్లలో మాట్లాడుతుంది. పైగా తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు అంకణం 72. మా కమిటీలో ఒకాయనది నెల్లూరు, ఆయన లెక్కలో మా జాగా రాత్రికి రాత్రి సగమైపోయింది. అన్నీ చదరపు మీటర్లలోకి మార్చి ఒకచోట రాసిపెట్టుకోండి.

తర్వాత ఆ జాగా ఎవరిదో కనుక్కోవాలి. తిరుపతిలో పచ్చగా కనబడేదంతా కార్పొరేషన్‌ది కాదు. దేవస్థానానివి కొన్ని, 1981లో ఏర్పాటైన తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) చేతిలో కొన్ని, కొండ కింద అటవీశాఖవి, యూనివర్సిటీల ఆవరణలు వేరే. చెరువు జాగా అయితే మళ్లీ ఇంకో శాఖ. అర్జీ తప్పు గుమ్మంలో ఇస్తే అక్కడే ఏడాది పడుకుంటుంది. పాత లేఅవుట్లలో అయితే పని సులువు. లేఅవుట్ వేసేవాళ్లు పదోవంతు జాగా ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలని నిబంధన ఉంది. మీ కాలనీ లేఅవుట్ ప్లాను నకలు కావాలని సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్లానులో పార్కు అని గీసిన చోట ఇప్పుడు ఏ షెడ్డో గోడౌనో కనబడొచ్చు. అప్పుడు గొంతు పెంచకుండా, బెంగుళూరు మెడికల్ ట్రస్టు కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును అర్జీలో ఒక వాక్యంగా రాయండి. పార్కుకని ఉంచిన జాగాను ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని కోర్టు తేల్చిన కేసు అది. ఆ ఒక్క వాక్యానికి ఆఫీసులో కుర్చీ వేస్తారు, నాకు వేశారు.

ఇక నోటుబుక్కు. అసలు పని ఇదే కాబట్టి కాసేపు ఇక్కడే ఉంటాను.

మీకు దగ్గరలో ఇప్పటికే ఉన్న పార్కో, గ్రౌండో ఒకటి ఎంచుకోండి. ప్రకాశం పార్కు కావచ్చు, వినాయకసాగర్ కట్ట కావచ్చు, స్కూలు మైదానమైనా సరే. పేజీకి నిలువు గీతలు కొట్టి వరుసలు చేయండి: చిన్నపిల్లలు, మగపిలకాయలు, ఆడపిల్లలు, మగవాళ్లు, ఆడవాళ్లు, ముసలివాళ్లు, చక్రాల కుర్చీలోనో కర్రతోనో వచ్చినవాళ్లు, యాత్రికులు. యాత్రికుల వరుస మన ఊరికే ప్రత్యేకం. రైల్వే స్టేషను, బస్టాండు దగ్గర పార్కుల్లో మధ్యాహ్నం పడుకునేది వాళ్లే. వాళ్లను విసుక్కోకుండా లెక్కేయండి. నీళ్లూ బాత్రూమూ ఎన్ని కావాలో చెప్పేది ఆ వరుసే. పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర, పదకొండు గంటలప్పుడు ఒక అరగంట, సాయంత్రం నాలుగు నుంచి ఐదు, మళ్లీ ఆరు నుంచి ఎనిమిది. పనిరోజు ఒకటి, ఆదివారం ఒకటి. మనిషికి ఒక గీత. ఎవరినీ ఏమీ అడగొద్దు, ఊరికే కూర్చుని గీతలు గీయండి.

నేను మొదటి వారం గీసిన పేజీలు చూసుకుంటే మగవాళ్ల వరుసలు కిందిదాకా నిండిపోయాయి. ఆడపిల్లల వరుసలో నాలుగు గీతలు. ఆ నలుగురిలో ఇద్దరు తమ్ముణ్ణి ఉయ్యాల ఊపడానికి వచ్చినవాళ్లు.

నాకు ఇది కొత్త కాదు, గీతల్లో చూడటం మాత్రం కొత్త. ఆరో తరగతిలో ఖోఖో ఆడుతూ నా చేతికి చిక్కకుండా ఉరికిన పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చేసరికి గట్టు మీద కూర్చుని అందరి బ్యాగులకూ కాపలా కాసేది. సిగ్గనుకుంటారు అందరూ. నేనూ అట్లాగే అనుకున్నాను చాలా ఏళ్లు. ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మాట్లాడితే సిగ్గు సంగతి ఎక్కడో చివర్న వచ్చింది. ముందు బాత్రూముకు గొళ్లెం లేదు. తర్వాత, మగపిలకాయల క్రికెట్టు మైదానం మొత్తం ఆక్రమించుకుంటుంది, మిగిలింది అంచు మాత్రమే. ఆ తర్వాత ఇల్లు. "పార్కుకు పోతా" అంటే ఇంట్లో నాలుగు ప్రశ్నలు. "క్లాసుకు పోతా" అంటే టైముకు రమ్మని ఒక్క మాట. అంటే ఆ పిల్లకు కావాల్సింది ఉయ్యాలా కాదు, ఫౌంటెనూ కాదు. మంగళవారం, గురువారం ఐదింటికి అని గోడ మీద రాసి ఉండే ఒక క్లాసు.

అందుకే నా ప్లానులో వరుస తిరగేశాను. కార్యక్రమం ముందు, కట్టడం తర్వాత. ఏ వారం ఏ గంటకు ఎవరొచ్చి ఏం చేస్తారో రాసుకుంటే, దానికి ఏం కట్టాలో దానంతటదే తేలుతుంది. కట్టడం ముందు పెట్టుకుంటే, యంత్రాల కేటలాగు చూసి బొమ్మలు అంటించడమే మిగులుతుంది.

గీతలు గీయడం అయ్యాక మనుషుల్ని అడగడం. "మీకు పార్కు కావాలా?" అని మాత్రం అడగొద్దు. వద్దనే మనిషి తిరుపతిలో పుట్టలేదు. "నిన్న సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఎక్కడున్నారు?" అని అడగండి. మా వీధి మొగదలలో పూలు కట్టే ఆమెను ఇదే అడిగాను.

"యాడుంటా టీచరమ్మా, ఈడనే. ఏడున్నరకు బుట్ట ఖాళీ అయితే ఇంటికి పోవాల."

"ఆ తర్వాత?"

"కోలాటం నేర్చుకునేదానికి పోతా. మా మేస్త్రీ ఇంటి మిద్దె మీద. ఇరుకు. కర్రలు మొకానికి తగల్తాయి."

ఆ ఒక్క జవాబుకు నా ప్లానులో సగం మారింది. మన ఊర్లో కోలాటం జట్లు, చెక్కభజన జట్లు ఎన్నో. బ్రహ్మోత్సవాల్లో మాడవీధుల్లో ఆడాలని ఏడాది పొడవునా సాధన చేసే ఆడవాళ్లు. వాళ్లంతా ఇన్నాళ్లూ నా లెక్కలో లేరు, ఎందుకంటే వాళ్లు మిద్దెల మీద ఉన్నారు, పార్కులో లేరు. వాళ్లకు కావాల్సింది చదునైన నేల, ఒక దీపం, నీళ్ల కుళాయి. ఖర్చు చూస్తే ఓపెన్ జిమ్‌కన్నా చవక.

ఆ నేల ఎంత ఉండాలి? ఇది నా సబ్జెక్టు, కాబట్టి గట్టిగా చెప్తా. ఖోఖో కోర్టు 27 బై 16 మీటర్లు, చుట్టూ మీటరున్నర వదలాలి. వాలీబాల్ 18 బై 9. కబడ్డీ మగవాళ్లకు 13 బై 10, ఆడవాళ్లకు 12 బై 8. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వేరువేరు గీతలతో 30 బై 20 మీటర్ల నేలలో ఒదిగిపోతాయి. 600 చదరపు మీటర్లు, పదిహేను సెంట్లకు కాస్త తక్కువ. 123 సెంట్లలో పదిహేను సెంట్లు ఇట్లా ఖాళీగా వదలగలిగితే పొద్దున వ్యాయామం, సాయంత్రం ఆట, రాత్రి కోలాటం అన్నీ అక్కడే. సిమెంటు వేయనివ్వొద్దు, పిల్లల మోకాళ్లు పోతాయి, ఎండాకాలం పాదాలు కాలుతాయి. మొరం పరిచి, నీళ్లు చల్లి, రోలరు తిప్పిన నేల చాలు. కాంట్రాక్టర్లకు ఇది నచ్చదు, బిల్లు చిన్నదవుతుంది.

దాని చుట్టూ మిగతావి సర్దుకోవచ్చు. నడకదారి ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడిచేంత, రెండు మీటర్లు. బెంచీకి వీపు ఆనించే పలక, చేతులు మోపి లేచే కమ్మీ ఉండాలి, లేకపోతే ముసలివాళ్లు కూర్చుంటారు గానీ లేవలేరు. గేటు దగ్గర బైకులు రాకుండా అడ్డంగా ఇనప గొట్టాలు పెడతారు చూడండి, వాటితో బైకులు ఆగవు, చక్రాల కుర్చీలు ఆగుతాయి. తొంభై సెంటీమీటర్ల దారి వదలమని, ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలని రాయండి. ఆడవాళ్ల బాత్రూముకు లోపల గొళ్లెం, దీపం, నీళ్లు. ఈ మూడూ ప్లానులో విడివిడిగా రాయకపోతే మూడూ రావు.

ఎండ గురించి కూడా చెప్పాలి. ఊరు పేరు చెప్పను, ఒక కాలనీలో స్టీలు కడ్డీల వ్యాయామ యంత్రాలు నడి ఎండలో బిగించారు. మేలో సాయంత్రం ఆరు దాకా వాటిని ముట్టుకోలేరు, ఆరు తర్వాత దీపం లేదు. సాయంత్రం ఎండ పడమర నుంచి పడుతుంది కాబట్టి చెట్లు పడమటి గట్టున ముందు నాటాలి. ఇక్కడ నా తప్పు ఒకటుంది. ఉత్సాహం కొద్దీ మార్చిలో నలభై మొక్కలు నాటించాను. మే చివరికి మూడు మిగిలాయి. మనవైపు పెద్దవానలు అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో. సెప్టెంబరు ఆఖర్న గుంతలు తీసి నాటితే వేళ్లు పట్టేదాకా వానే చూసుకుంటుంది. కానుగ, వేప, నేరేడు, అంచున ఒక చింత. కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు తొందరగా ఎదుగుతుందని ఎవరైనా చెప్తే వద్దనండి. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. మొక్కలకు నీళ్లెక్కడివి అని అధికారి తప్పక అడుగుతాడు. కల్యాణి డ్యాం నీళ్లు, తెలుగుగంగ నీళ్లు తాగడానికి. చెట్లకు తూకివాకం దగ్గర శుద్ధి చేసే మురుగునీళ్లు ట్యాంకరుతో ఇమ్మని అడగండి.

జాగా ఎంచుకునేటప్పుడు ఊరి పేర్లు చదవండి. కొర్లగుంట, సింగాలగుంట, తాతయ్యగుంట, తుమ్మలగుంట. మన పెద్దవాళ్లు గుంట అని ఊరికే పెట్టి ఉండరు. కొండ మీద పడిన వాన దిగే పల్లంలోనే మనం మిద్దెలు కట్టుకున్నాం. 2021 నవంబరులో వచ్చిన వరద ఎవరి ఇంట్లోకి ఎంత ఎక్కిందో గోడల మీద మరకలు ఇంకా చూపిస్తున్నాయి. అట్లాంటి పల్లంలో మిగిలిన ఖాళీ జాగాకు మట్టి తోలి ఎత్తు చేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆట నేలను రోడ్డుకన్నా అడుగున్నర దిగువలో ఉంచితే, గట్టి వానరోజు అది గుంటగా పనిచేస్తుంది, మూడురోజుల్లో నీళ్లు కాలవలోకి జారిపోయేలా తూము పెట్టాలి. అంతకన్నా నిలిస్తే దోమలు. ఆ మూడురోజులు ఆట ఉండదు, ఉండకపోతే ఏం.

కొండవారగా ఉండేవాళ్లకు, జీవకోన, కపిలతీర్థం, అలిపిరి వైపు, లెక్క కొంచెం వేరు. అక్కడ చీకటి పడ్డాక పార్కు తెరిచి ఉంచాలని అడగొద్దు. తినుబండారాల బండ్లు, చెత్తకుండీలు లోపల వద్దు. చెత్తకు కుక్కలు వస్తాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిన్నపిల్లను చిరుత పొట్టన పెట్టుకున్న సంగతి ఎవరూ మర్చిపోలేదు. అటువైపు కార్యక్రమాలన్నీ పొద్దుటి పూటకు మార్చండి.

క్యాలెండరు రాసేటప్పుడు ఊరి పంచాంగం పక్కన పెట్టుకోండి. మార్చిలో పదో తరగతి పరీక్షలు, పిలకాయలు రారు, ఆ నెల పెద్దవాళ్ల యోగాకు ఇవ్వండి. మేలో వేసవి శిక్షణ, కానీ గంగమ్మ జాతర వారం సెలవు, వేషాలు కట్టే పిల్లవాడు కబడ్డీకి రాడు. చవితి ముందు నేల మండపానికి అడుగుతారు, ఎన్నిరోజులో ముందే రాయించుకోండి, లేకపోతే గుంజల గుంతలు దీపావళి దాకా ఉంటాయి. బ్రహ్మోత్సవాల ముందు నెల కోలాటం జట్లది.

నిర్వహణ ఖర్చు వరుస లేని ప్లాను చేతికే తీసుకోవద్దు. కట్టడానికి అయ్యేదాంట్లో ఏటా పదోవంతు పక్కన పెట్టమని నేను రాస్తాను, అది నా సొంత లెక్క, నియమం కాదు. ఎవరు ఊడుస్తారు, దీపం పోతే ఎవరికి ఫోను, బాత్రూము తాళం ఎవరి దగ్గర. ఫౌంటెన్ మీద నాకిప్పుడు మోజు లేదు. నేను చూసినవాటిలో సగం దోమల తొట్లు.

పదేళ్ల ప్లానును ఒకేసారి అడిగితే ఏదీ రాదు. మొదటి ఏడాది నేల చదును, కంచె, కుళాయి, ఒక దీపం, వారానికి రెండు క్లాసులు. రెండు మూడేళ్లలో చెట్లు, బాత్రూము, నడకదారి. గదీ షెడ్డూ లాంటివి ఐదో ఏట. అప్పటికి గీతల లెక్క మళ్లీ తీసి, అవి నిజంగా కావాలో లేదో చూసుకుని అడగాలి. కార్పొరేషన్ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ ఒకటిన మొదలవుతుంది, బడ్జెట్ అంతకు ముందే కౌన్సిల్‌కు వస్తుంది. మీ అర్జీ నవంబరులోపు చేరాలి. రెండు పేజీలు మించొద్దు: ఒకటి జాగా వివరం, సర్వే నంబరు, కొలతలు, రెండోది గీతల లెక్క, వారపు క్యాలెండరు. సోమవారం అర్జీల రోజున ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. కార్పొరేటరుకు ఒక నకలు, కానీ ఆయనకు ముందుగా, పేపరువాళ్లకు తర్వాత. ఈ వరుస తప్పితే పని ఆగుతుంది, ఎందుకో మీకే తెలుసు.

మా జాగాకు ఫౌంటెన్ రాలేదు. కంపచెట్లు పోయాయి, నేల చదునైంది, కుళాయి వచ్చింది, దీపం రెండోసారి అడిగితే వచ్చింది. పోయిన గురువారం గీతలు గీస్తుంటే ఆడపిల్లల వరుస పేజీ దాటిపోయి వెనక్కి తిప్పాల్సి వచ్చింది. చీకటి పడే వేళకు ముగ్గురు మగపిలకాయలు కాగితం పట్టుకుని వచ్చారు. మంగళ, గురువారాలు ఆడపిల్లలకే ఇస్తే మాకెప్పుడు టీచరమ్మా అని. కాగితం తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, "ఎంతమంది వస్తారు నాయనా? ఎన్నింటికి వస్తారు?" అని అడిగాను.